సాయం తీసుకున్న పిల్ల ఏం బాకీ పడింది?

బీఈడీ అయిపోయి, డీఎస్సీ రాక, అందరితోపాటు సుగ్గికి పోవడానికి మనసొప్పక తిరుగుతున్న రోజుల్లో నాకు ఒక చర్చి హాస్టల్లో పని దొరికింది. అది 2003. ఉత్తరాలు రాయడమే నా పని. హాస్టల్లో ఉన్న ఒక్కొక్క బిడ్డకూ సముద్రాల అవతల ఒక దాత ఉంటారు. నెలనెలా డబ్బు పంపుతారు. ఏడాదికి మూడుసార్లు పిల్లలు తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే నేను వాటిని ఇంగ్లీషులో పెట్టి పంపాలి. కొత్తగా చేరిన బిడ్డకు ఒక ఫారం నింపాలి. పేరు, వయసు, ఎత్తు, బరువు, ఇష్టమైన రంగు, ఇష్టమైన ఆట, తల్లిదండ్రుల వివరం ఉండేవి. కిందుగా నాలుగు గీతలు ఖాళీగా వదిలేవాళ్లు. అక్కడ ఆ బిడ్డ కథ రాయాలి.

కొన్ని నెలల్లోనే నాకు ఒక సంగతి తెలిసింది. ‘తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది’ అని రాసిన ఫారానికి దాత దొరకడానికి ఆర్నెల్లు పట్టేది. ‘తల్లిదండ్రులిద్దరూ ఎయిడ్స్‌తో చనిపోయారు’ అని రాస్తే నెల లోపలే దొరికేది. ఎవరూ నాకు అలా రాయమని చెప్పలేదు. రాయొద్దని కూడా చెప్పలేదు.

ఆ ఏడాది మా తండా నుంచే ఒక అక్కా తమ్ముడూ హాస్టలుకు వచ్చారు. అక్కకు పదకొండేళ్లు, తమ్ముడికి ఆరు. తమ్ముడు అప్పటికి సరిగ్గా తిండి తిని చాలా రోజులయింది. వాళ్లకు త్వరగా దాత దొరకాలని నేను ఆ నాలుగు గీతల మీద ఆ మాట రాశాను. దొరికారు. ఇద్దరికీ, ఒకే కుటుంబం. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషం అబద్ధం కాదని ఇప్పటికీ చెప్పగలను.

పదమూడేళ్లు గడిచాక ఆ పిల్ల, అంటే అప్పటికి నర్సు చదువు చదివి పనిచేస్తున్న మనిషి, మా ఇంటికి వచ్చింది. నన్ను చిన్నప్పటినుంచీ భియా అనే పిలిచేది. ఆ రోజు సార్ అంది. ఆమెకు ఒక సంబంధం కుదిరి తప్పిపోయింది. పెళ్లికొడుకు వాళ్ల బంధువు ఒకాయన ఇంట్లో పాత ప్రార్థన క్యాలెండరు ఒకటి ఉందంట. అందులో ఒక నెల మీద అక్కాతమ్ముళ్ల ఫొటో, కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఆ వాక్యాలు నావే. ఫారంలోంచి నేరుగా అచ్చుకు పోయాయి.

“ఆ మాట ఎవరు రాసినారు సార్?” అని అడిగింది. నేనే అన్నాను. “నన్ను అడిగినారా?” అంది. అడగలేదు. పదకొండేళ్ల పిల్లను అలాంటివి అడుగుతారని నాకు తోచనే లేదు. ఆమె కొంచెంసేపు కూర్చుని, “తిన్న అన్నానికి నేనేమన్నా బాకీ ఉంటే చెప్పండి, నెలకింత కడతా. ఆ ఫొటో మాత్రం వాపసు ఇప్పించండి” అంది.

ఆ బాకీ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చుకుందామనే ఈ వ్యాసం రాస్తున్నాను. మన పిల్లల్లో హాస్టళ్లలో చదివినవాళ్లు ఎక్కువ. మనలో టీచర్లయినవాళ్లు ఏదో ఒక రోజు ఏదో ఒక ఫారం నింపకుండా ఉండరు. కాబట్టి ఇది నా ఒక్కడి లెక్క కాదనుకుంటున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. వాళ్ల అమ్మానాన్నలకు ఆ జబ్బు ఎలా వచ్చిందో ఇక్కడ రాయను. ఈ పిల్లలకు ఉందో లేదో కూడా రాయను. లేదని రాస్తే ఉన్నవాళ్లను పక్కకు జరిపినట్టు అవుతుంది. మా తండా ఏ మండలమో కూడా చెప్పను. కర్నూలు, కడప జిల్లాల మిట్టల మీద సుగాలి తండాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి. అందుకే ఈ వ్యాసానికి నా అసలు పేరు కూడా పెట్టలేదు.

చర్చిని నిలదీసే ముందు మా తండాను నిలదీయాలి. మన సభల్లో ఒక మాట తరచుగా వింటుంటాం: ఆదివాసుల్లో అనాథలు ఉండరు, తల్లి పోతే పెద్దమ్మ, తండ్రి పోతే చిన్నాన్న, ఎవరూ లేకపోతే తండా అంతా తల్లిదండ్రులే అని. నేనూ ఈ మాట మైకులో చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. మామూలు చావుల విషయంలో అది చాలావరకు నిజమే. పాము కరిచి చచ్చినవాడి పిల్లల్ని, బావి తవ్వుతుంటే మట్టి కూలి పోయినవాడి పిల్లల్ని తండా సాకింది. కానీ 2003 వానాకాలంలో ఆ పిల్లల తల్లి చనిపోయినప్పుడు పాడె ఎత్తడానికి నలుగురు రాలేదు. నాయక్ ఇంటి నుంచి రాలేదు, కారోబారి ఇంటి నుంచి రాలేదు. ముట్టుకుంటే అంటుతుందని ఎవరో అన్నారు. అది తప్పని నాకు పుస్తకంలో తెలుసు. అయినా నేను వేపచెట్టు కిందే నిలబడ్డాను.

పక్క ఊరి పాస్టరు, ఆయనతో వచ్చిన ముగ్గురు, ఆమెను ఎత్తుకుపోయారు. ఆయన మాలవాడు. మామూలు రోజుల్లో మా తండాలో కొందరు ఆయన చేతి నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆయన ఆ రోజు ప్రసంగమేమీ చెయ్యలేదు. పని అయ్యాక కాళ్లు కడుక్కుని, ముసలామె గుడిసెలో బియ్యం ఉన్నాయా అని అడిగి పోయాడు. సాయంత్రం ఒక సంచి పంపించాడు.

ముసలామె అంటే ఆ పిల్లల నాయనమ్మ. ఆమె పిల్లల్ని పంపనంది. కొడుకు వాసన వీళ్లలోనే ఉంది అంది. కానీ ఆమెకు కళ్లు ఆనవు, శెనక్కాయ కోతకు ఎవరూ పిలవరు, పింఛను లేదు. వండేది పదకొండేళ్ల పిల్ల, తమ్ముడికి స్నానం చేయించేది ఆ పిల్ల, రేషన్ షాపులో నిలబడేది ఆ పిల్ల. రెండు నెలలు చూసి ముసలామె తనే పాస్టరు ఇంటికి నడిచిపోయి, తీసుకుపొమ్మని చెప్పింది. ఆమె ఆ రోజు నడిచింది మా తండాను దాటుకునే. ఒక్క గుడిసె వాళ్లు నెలకు రెండు శేర్ల జొన్నలు ఇస్తామని ఉంటే ఆ నడక ఉండేది కాదు.

ఎయిడ్స్ వల్ల తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ప్రపంచంలో కోటి మందికి పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్కలు చెబుతున్నాయి. ఎక్కువమంది ఆఫ్రికాలో ఉన్నారు. వాళ్లలో చాలామందిని పెంచింది హాస్టళ్లు కావు. అవ్వలు, పెద్దమ్మలు పెంచారు. వాళ్లూ బీదవాళ్లే, వాళ్ల ఊళ్లలోనూ ఆ జబ్బంటే భయమే. కాబట్టి బీదరికం వల్ల చెయ్యలేకపోయాం అని నేను అనలేను. భయం వల్ల చెయ్యలేకపోయాం. ఇంకొంచెం నిజం చెప్పాలంటే, ఆమెను తప్పుచేసిన మనిషిగా లెక్కేసి చెయ్యలేదు.

ఇక చర్చి సంగతి. ఈ కరువు సీమలో ఆ సాయానికి పాత చరిత్ర ఉంది. 1876–78 నాటి ధాత కరువులో, ఆ తర్వాత, మిషన్ల వైపు నడిచిన మాల మాదిగ పల్లెలు ఎన్నో. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆసుపత్రి, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ హైస్కూలు ఇప్పటికీ జనం నోట్లో ఉన్న పేర్లు. గింజ కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆకలిగా ఉన్నవాడి ముందుకు గింజ తెచ్చినవాడిని వదిలేసి, తిన్నవాడిని అడుగుతారు. తేనివాడిని అసలు అడగరు.

కానీ గిరిజనులకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టడానికి సర్కారుకు అధికారం ఇచ్చింది. మనవాళ్లలో ఎరుకల వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. పిల్లల్ని బాగుచెయ్యాలంటే ముందు తల్లిదండ్రుల నీడ తప్పించాలి అనే ఆలోచన అప్పటిది. ఆ చట్టం పోయింది. ఆలోచన మాత్రం మంచిమాటల వెనక అక్కడక్కడ మిగిలే ఉంది. ‘వీళ్లు ఏ పాపం ఎరుగని పిల్లలు’ అని మా హాస్టలు ఉత్తరాల్లో తరచూ రాసేవాళ్లం. జాలిగా ఉంటుంది. కానీ పిల్లలు ఏ పాపం ఎరగరని రాస్తే పాపం ఎరిగినవాళ్లు ఎవరు? వాళ్ల అమ్మ. ఏ అమ్మ కోసమైతే ఆ పిల్ల రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడ్చేదో ఆ అమ్మను నిందించే వాక్యం కింద ఆ పిల్ల చేతే సంతకం పెట్టించాం.

మా పాస్టరుతో ఈ విషయం మీద చాలాసార్లు వాదించాను. ఆయన మంచి మనిషే కాదు, తెలివైన మనిషి కూడా. ఆయన అనేది ఇది: “అబ్బీ, నువ్వు కడుపు నిండినాక మాట్లాడతాండావు. ఆ రోజు ఆ పిల్లోడికి కావాల్సింది పరువా, అన్నమా? దూరంగా ఉండే మనిషికి ఇక్కడ ఏం జరుగుతాందో చెప్పకపోతే వాళ్లు ఎట్లా ఇస్తారు? కథ చెప్పడం తప్పయితే నాలుగు సువార్తలూ తప్పే.”

ఈ వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. దూరాన ఉన్న మనిషి మనసు కదలాలంటే ముఖం కావాలి. 1950లో అమెరికాలో మొదలైన వరల్డ్ విజన్ లాంటి సంస్థలు కొరియా యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన పిల్లల కోసం ఒక బిడ్డకు ఒక దాత అనే పద్ధతి పట్టుకున్నది అందుకే. లెక్కలు చూసి ఎవరూ కంటనీరు పెట్టరు. ఫొటో చూసి పెడతారు. మా దాతల కుటుంబం కూడా డబ్బున్నదేమీ కాదు, భర్త ఫ్యాక్టరీలో పని చేసేవాడని ఉత్తరాల్లో రాసేవాళ్లు. ప్రతి పుట్టినరోజుకూ కార్డు పంపేవాళ్లు. వాళ్ల ప్రేమను నేను శంకించను.

నా జవాబు ఇంతే. కథ చెప్పడం తప్పు కాదు, అది ఎవరి కథో వాళ్లను అడగకుండా చెప్పడం తప్పు. ఆకలితో ఉన్న మనిషి దగ్గర అనుమతి అడగడం కూడా సగం బలవంతమే, అది నాకు తెలుసు. అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని ‘నీ సంగతి రాయొచ్చా’ అంటే వద్దనేవాడు ఎవడు? అందుకే పళ్లెం ముందు పెట్టాలి, అడగడం తర్వాత. వద్దంటే పళ్లెం వెనక్కి తీసుకోకూడదు.

పాస్టరు గారు రోజూ చదివే పుస్తకంలోనే మత్తయి ఆరో అధ్యాయంలో దానం నలుగురి ముందూ చాటుకోకుండా రహస్యంగా చెయ్యమని ఉంది. ఇచ్చేవాడు గొప్పలకు పోకూడదని దాని అర్థం చెబుతారు. నాకు ఇంకో అర్థం కూడా తోస్తుంది. ఇచ్చింది రహస్యంగా ఉంటే, తీసుకున్నవాడి ముఖం కూడా రహస్యంగానే ఉంటుంది గదా. ఇది చెప్పినప్పుడు ఆయన నవ్వి, “వచ్చే ఆదివారం నువ్వే ప్రసంగం చెయ్యి” అన్నాడు. కాసేపటికి, “క్యాలెండరు వెయ్యమన్నది నేనే” అని కూడా అన్నాడు.

దీన్ని చర్చి మీదికి మాత్రమే తోయడం అన్యాయం. నోటు పుస్తకాలు పంచి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటో తీసేది మన సంఘాలే. దుప్పట్లు పంచి ఫ్లెక్సీ కట్టేది మన నాయకులే. ఇప్పుడైతే సెల్‌ఫోను ఉంది, అన్నం ముద్ద నోట్లోకి పోకముందే ఫొటో వాట్సాప్‌లోకి పోతుంది. నల్లమలలో చెంచు గూడేనికి వెళ్లిన ప్రతివాడూ బట్టలు లేని బిడ్డ ఫొటో తీసుకుని దిగుతాడు. ఆ బిడ్డ పెద్దయ్యాక దాన్ని ఎక్కడ చూసుకుంటుందో ఎవరికి కావాలి!

ఆమె నన్ను అడిగిన మరుసటి ఏడాది, 2017లో, హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒకరికి ఆ జబ్బు ఉందన్న సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అందులో ఉంది. బాలల న్యాయ చట్టం కూడా రక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టే వివరాలు అచ్చువెయ్యకూడదంటుంది. 2017 చట్టంలోనే ఇంకో అంశం ఉంది, అది చదివినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి బయటికి వచ్చాను. ఆ జబ్బు తాకిన ఇంట్లో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసుండి, ఇంటి వ్యవహారం తెలిసిన పెద్ద బిడ్డ తన చిన్నవాళ్లకు సంరక్షకురాలిగా నిలబడవచ్చు. బడిలో చేర్చడానికి, వైద్యానికి ఆ బిడ్డ సంతకం చెల్లుతుంది. మా తండా పిల్ల పదకొండేళ్లకే ఆ పని చేసింది. మేము ఆమెను దిక్కులేని పిల్ల అని రాశాం. నిజానికి ఆమె ఒకరికి దిక్కు.

మందుల సంగతీ ఇలాంటిదే. మన దేశంలో ఏఆర్‌టీ మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది, అదీ మొదట కొద్దిచోట్ల మాత్రమే. ఆ తల్లి చనిపోయింది అంతకు ముందు వానాకాలంలో. ఇప్పుడు ఆ మందులు రోజూ వేసుకుంటూ పనికి పోయేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఆ మాత్ర కోసం ఎవరికీ ఫొటో పంపనక్కరలేదు, కృతజ్ఞత ఉత్తరం రాయనక్కరలేదు. హక్కుగా వచ్చేదానికీ దయగా వచ్చేదానికీ తేడా నాకు అక్కడ కనపడింది.

దయ ఆగిపోవచ్చు కూడా. 2017 మార్చిలో అమెరికాకు చెందిన కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ముగించింది. విదేశీ డబ్బు రావడానికి సర్కారు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన దానికి కారణం. అప్పటికి లక్షా నలభై వేలకు పైగా పిల్లలు దాని దాతల మీద ఆధారపడి ఉన్నారు. ఆ నిర్ణయం సరైందా కాదా అన్న వాదన పెద్దవాళ్లది. పిల్లల వైపు నుంచి చూస్తే, ఎవరో ఇచ్చారు, ఎవరో ఆపారు, రెండుసార్లూ వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఇంకో దారి పక్క జిల్లాలోనే కనపడుతుంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరాడు. ఆ తర్వాత ఏడాదికి జెసూట్ సంఘం నుంచి బయటికి వచ్చాడు, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పెట్టిన ఆర్డీటీలో కూడా ఒక బిడ్డకు ఒక దాత పద్ధతే. ఫొటోలూ ఉత్తరాలూ ఉంటాయి. అయితే దాత డబ్బును ఆ ఒక్క బిడ్డ చేతిలో కాకుండా ఊరి బడికి, ఇళ్లకు, ఆసుపత్రికి పెడతారు. బత్తలపల్లిలో వాళ్ల ఆసుపత్రి హెచ్‌ఐవి రోగులను చేర్చుకుని చూస్తుంది. డబ్బు ఊరందరిదీ అయినప్పుడు ఒక బిడ్డ దుఃఖానికి ధర కట్టాల్సిన అవసరం తగ్గుతుంది. పూర్తిగా పోదు.

టీచర్లుగా ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని సంగతి చెబుతాను. తల్లీ తండ్రీ లేక అవ్వ దగ్గరో మేనత్త దగ్గరో ఉన్న బిడ్డకు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బున్న తల్లిదండ్రుల బిడ్డకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. ఆ ముసలామె రోజుల్లో ఇది ఉండి, నాలాంటి చదువుకున్నవాడు ఒకడు కాగితాలు పట్టుకుని తిరిగి ఉంటే పిల్లలు ఆమె దగ్గరే ఉండేవాళ్లు. అక్కడా ఫారం ఉంటుంది, అందులోనూ కారణం రాయాలి. కానీ అది ఫైలులో ఉండాల్సిన కాగితం, క్యాలెండరు మీదికి ఎక్కాల్సింది కాదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకోవాల్సింది అసలే కాదు. ఈ చివరి తప్పు మన బడుల్లో ఎంతమంది చేస్తున్నామో మనకే తెలుసు.

బాకీ లెక్క దగ్గరికి వస్తాను. ఆమె తిన్న అన్నానికి ఎవరికీ బాకీ లేదని నా నమ్మకం. ఆకలిగొన్న బిడ్డకు పెట్టింది అప్పు కాదు. పాస్టరు కూడా ఈ మాట ఒప్పుకున్నాడు. బాకీ ఉన్నది మేము. వేపచెట్టు కింద నిలబడ్డందుకు తండా బాకీ, అడగకుండా రాసినందుకు నేను బాకీ. ఆమె ప్రతి సంక్రాంతికీ పాస్టరు ఇంటికి బట్టలు తీసుకుపోతుంది. అది బాకీ తీర్చడం కాదంట. “ఆయన మా అమ్మను ఎత్తినాడు” అంటుంది, అంతే.

ఈ వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు ఆమె రెండు రోజులు ఏమీ చెప్పలేదు. తర్వాత ఫోను చేసి మూడు షరతులు పెట్టింది. పేరు రాయకూడదు, తండా రాయకూడదు, తను ఏడ్చినట్టు రాయకూడదు. చిన్నప్పుడు దుప్పటి కింద ఏడ్చిన సంగతి మాత్రం ఉండనిచ్చింది, అది అమ్మ కోసం కాబట్టి. రాసింది మొత్తం చదివి వినిపించాను. ఒక పేరా తీసెయ్యమంది, తీసేశాను. పాస్టరు బియ్యం పంపిన సంగతి నేను మొదట రాయలేదు, అది పెట్టమంది.

క్యాలెండరు ఫొటో వాపసు ఇప్పించలేకపోయాను. అచ్చయినవి ఎన్నో, ఎవరిళ్లలో ఉన్నాయో తెలియదు. హాస్టలు ఎప్పుడో మూతపడింది. నా ట్రంకు పెట్టెలో మాత్రం ఆమె పేరుతో నేను రాసిన ఇంగ్లీషు ఉత్తరం నకలు ఒకటి దొరికింది. పోయిన నెల ఇచ్చాను. ఇప్పుడు ఆమెకు ఇంగ్లీషు బాగానే వచ్చు. తనకు ఎరుపు రంగంటే ఇష్టమని, ఐస్‌క్రీమంటే ప్రాణమని, దాతల ఇంటి కుక్కను చూడాలని ఉందని అందులో ఉంది. చదివి, “అప్పటికి నేను ఐస్‌క్రీము తినలేదు గదా భియా” అంది. సార్ అనలేదు. ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుని బస్సుకు టైమయిందని లేచింది.